అడిగిన మనిషి

మా డ్రిల్లు సారు పోయినాడని స్కూలు వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చేసరికి నేను పెరట్లో కూర్చుని రొయ్యలు ఒలుస్తున్నాను. ఆదివారం పొద్దున. చేతులు తడిగా ఉన్నాయని ఫోన్ని మోచేత్తో తాకాను. ఆయన ఫొటో, దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. ఫొటోలో కూడా మెళ్ళో విజిల్ ఉంది.

ముందు నాకు కలిగింది దుఃఖం కాదు. పైకి చెప్పకూడని మాటే గానీ చెప్తాను. 'ఇక ఆ సంగతి తెలిసిన మనిషి నా మొగుడొక్కడే మిగిలాడు' అనుకున్నాను. ఆయన పోయాడన్న బాధ ఆ తర్వాత ఎప్పటికో వచ్చింది.

మా ఆయనకు చెబుదామని కొట్టుకు వెళ్ళాను. రేవుకు పోయే దారిలో వలలు, తాళ్ళు, రొయ్యల మేత అమ్మే కొట్టు మాది. నేను వెళ్ళేసరికే ఆయనకు తెలిసింది. షట్టరు సగానికి దించి, మేత బస్తాల మధ్య నేల మీద కూర్చుని ఉన్నాడు. సొంత నాయన పోయినప్పుడు కూడా ఆ మనిషి అట్లా కూలబడలేదు.

"కూతురు బెంగుళూరు నించి రావాలంట. రేపు ఎత్తతారంట. మనుబోలు పోవాల," అన్నాడు. తల ఎత్తి నన్ను చూసి, "నువ్వు గూడా వస్తావా?" అన్నాడు.

ఆ 'గూడా' నాకు చేప ముల్లులా గుచ్చుకుంది. సార్ని మా ఇంటికి తెచ్చిందే నేను. నాతో పనిచేసినాయన. ఆయన చావుకు వెళ్ళడానికి నన్ను తోడుగా పిలుస్తున్నాడు మా ఆయన.

సారు మా హైస్కూలుకు బదిలీ మీద వచ్చేటప్పటికే యాభై దాటినవాడు. పొడుగు మనిషి, ఎండకు కాలి కాలి రాగి చెంబు రంగు తేలాడు. ఎప్పుడూ తెల్ల కాన్వాసు బూట్లే. పెళ్ళికి వెళ్ళినా మెళ్ళో విజిల్ తియ్యడు. మెడ వెనక, కాలరుకు కొంచెం పైన, నిమ్మకాయంత గడ్డ. మొదటిరోజు స్టాఫ్‌రూములో ఆయన వంగి సంతకం పెడుతుంటే మేమందరం ఆ గడ్డను చూసి, చూడనట్టు కిటికీల్లోకి, ఫ్యానుకేసి తలలు తిప్పుకున్నాం. ఆయన సంతకం ముగించి మావైపు తిరిగాడు.

"కొవ్వు గడ్డ. నొప్పి లేదు. చిన్నప్పట్నించి ఉండాది. తీయించుకోమన్నారు, నాకే బుద్ధి పుట్టలా. ముట్టుకోవాలంటే ముట్టుకోండి, తరవాత టీ తాగుదాం," అన్నాడు.

సైన్సు సారు నిజంగానే లేచి ముట్టుకున్నాడు. "మెత్తగా ఉండాదే!" అన్నాడు ఆశ్చర్యంగా. గదంతా నవ్వింది. ఆ పూట నుంచి ఆ గడ్డను ఎవరూ పట్టించుకోలేదు. వారం తిరిగేసరికి బడిలో సగం మంది పిల్లలు దాన్ని నొక్కి చూశారు.

ఆయన దేవుడని చెప్పడానికి కాదు ఇదంతా. రిజిస్టర్లు రాయడం ఆయనకు చేతకాదు, ఆయనవి కూడా నాతో రాయించేవాడు. క్యారమ్స్‌లో దొంగాట ఆడేవాడు, పట్టుకుంటే అలిగేవాడు. నా టిఫిన్ డబ్బాలు తీసుకుపోయి తిరిగి తెచ్చేవాడు కాదు. చెప్పిన జోకే చెప్పి, మనకంటే ముందు తనే నవ్వేవాడు. ఇవన్నీ నేను గుర్తుపెట్టుకుని దాచుకున్నవి. ఆయన మీద కోపం తగ్గినప్పుడల్లా ఒక్కొక్కటే బయటికి తీసుకునేదాన్ని.

ఆయనకొక వింత అలవాటుండేది. మా ఊళ్ళో మనిషి పేరుకు ముందు ఒళ్ళు వస్తుంది. కుంటి రమణయ్య, మెల్లకన్ను శీనయ్య, గూని పోలమ్మ. ఎవరూ తిట్టుగా అనరు. పిలిపించుకునేవాళ్ళూ పలుకుతారు. సారు మాత్రం ఆ ముక్క అనేవాడు కాదు. దాంతో ఆయన ఎవర్ని గురించి చెప్పినా అర్థమయ్యేసరికి బెల్లు కొట్టేవాళ్ళు.

"టీచరమ్మా, నీకోసం ఒకాయన వచ్చినాడు."

"ఎవరు సార్?"

"అదే, జేబులో ఎప్పుడూ రెండు పెన్నులుంటాయే."

"తెలీలేదు సార్."

"సైకిలుకి ఎర్ర సీటు. పిలకాయ తొమ్మిదిలో ఉండాడు. బెల్లం టీ అంటే ప్రాణం."

"ఎవరు సార్, కుంటి రమణయ్యా?"

"రమణయ్య," అనేవాడు. ముందు ముక్క ఆయన చెవిన పడనే లేదన్నట్టు. నన్ను తప్పుపట్టినట్టు కూడా ఉండేది కాదు. అదే నాకు ఒళ్ళుమంట. తప్పు పట్టి ఉంటే ఎదురు చెప్పేదాన్ని.

ఆ ఏడాది ఎనిమిదో తరగతిలోకి కొత్తగా ఒక పిల్ల వచ్చింది. వాళ్ళది కొడవలూరు పక్క. వాళ్ళ నాయన వరిపొలాల పని మానేసి ఇక్కడ రొయ్యల చెరువుల దగ్గర కాపలాకు కుదిరాడు. పిల్లకు పెదాల చుట్టూ, రెండు చేతుల మీద తెల్ల మచ్చలు. క్లాసు టీచర్ని నేనే. ఆ పిల్ల విషయంలో చాలా జాగ్రత్తగా ఉన్నాననే అనుకున్నాను. ముందు బెంచీలో కూర్చోబెట్టాను. ఎవరూ గుచ్చి చూడకూడదని మిగతా పిల్లల్ని హెచ్చరించాను, అదీ ఆ పిల్ల ఎదురుగానే. ఒకరోజు వరండాలో ఆపి, గొంతు తేనె చేసుకుని అడిగాను.

"అమ్మా, అదీ... నీకు... అది ఎప్పట్నుంచి తల్లీ?"

"ఏది టీచర్?" అంది. అని, జాకెట్టు చేతులు వేళ్ళ దాకా లాక్కుంది.

తెలుగు టీచర్ని. నాకు దొరికిన మాట 'అది'.

ఖోఖో ఆటలో ఆ పిల్ల వీపు తట్టడానికి ఎవరూ ముందుకు రావడం లేదు. ఆమెను దాటి పక్క పిల్లను తడుతున్నారు. నేను కొళాయి దగ్గర డబ్బా కడుగుతూ చూస్తున్నాను. సారు ఆట ఆపి ఆ పిల్లను కొళాయి పక్క నీడలోకి పిలిచాడు. ఏం ఉపన్యాసం ఇస్తాడో అని చెవులు రిక్కించాను.

"తల్లీ, నీ చేతుల మీద మచ్చల గురించి ఒక మాట అడగాలని ఉండాది. చెప్పాలనిపిస్తే చెప్పు. వొద్దనిపిస్తే 'ఆట మొదలెడదాం సార్' అను, నేను విజిలేస్తా. ఏమీ అనుకోను."

పిల్ల తల వంచుకుని కాలి బొటనవేలితో ఇసకలో గీత గీసింది.

"ఆట మొదలెడదాం సార్," అంది.

ఆయన విజిలేశాడు. అంతే. మరునాడు అడగలేదు, ఆ మరునాడూ అడగలేదు. వారం తర్వాత బంతుల సంచీ మోసుకుంటూ ఆయన వెంట స్టోరు గదికి పోతూ ఆ పిల్లే మొదలుపెట్టింది. ఎప్పుడు వచ్చాయో, ఏ ఆకు పసరు పూశారో, పూస్తూ వాళ్ళమ్మ ఎట్లా ఏడ్చేదో, అన్నీ. నేను వాళ్ళ వెనకే నడుస్తున్నాను.

"అంటుకుంటదా అని అడగతారు సార్. నన్ను అడగరు. నా పక్కనోళ్ళని అడగతారు."

"మరి వాళ్ళకి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"నేనే చెప్తా."

మరునాడు గ్రౌండులో అందరి ముందు రెండు చేతులూ చాపి చెప్పింది. "ఇది బొల్లి. అంటుకోదు. నేను మీ అందరికంటే బాగా పరిగెత్తతా." ఆఖరి మాటకు పిల్లలు గోలగోలగా అరిచారు, ఒకడు పందెం కాశాడు కూడా.

అందరూ చప్పట్లు కొడుతుంటే నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆ పిల్ల నా క్లాసు పిల్ల. నేను ముందు అడిగాను. నాకు చెప్పలేదు.

ఆ సాయంత్రం ఆయన్ని అడిగాను. "ఇట్టా అడగడం యాడ నేర్చుకున్నారు సార్?"

ఆయన మెడ వెనక్కి చెయ్యి పోనిచ్చి గడ్డను గోక్కున్నాడు. "అడిగించుకోని నేర్చుకున్నా టీచరమ్మా. ఇన్నేళ్ళలో ఎంతమంది అడిగుంటారు! ఏ మాటకి మెడ దాచుకోవాలనిపించిందో, ఏ మాటకి అనిపించలేదో నాకు తెలవదా?"

ఇక మా ఇంటి సంగతి.

మా ఆయన ఎడమ చేతికి బొటనవేలు, దాని పక్క సగం వేలు మాత్రమే ఉన్నాయి. మిగతాది మచ్చలు కట్టి ముడుచుకుపోయిన చర్మం. మా పుట్టిల్లు నెల్లూరు, అక్కడి చేపల మార్కెట్టులో మా నాయనది వ్యాపారం. సంబంధం తెచ్చినాయన "చిన్నప్పుడు ఇంజను బెల్టులో పడిందంట, పనికేం అడ్డం లేదు" అన్నాడు. పెళ్ళికి ముందు మా అమ్మ నన్ను పక్కకు పిలిచి చెప్పింది. "ఆ చెయ్యి మాట ఎప్పుడూ ఎత్తబాకమ్మా. మొగోడికి రోషముంటది. చూసీ చూడనట్టుండు."

ఉన్నాను. ఊరు దాన్ని మొండిచెయ్యి అనేది. మా అత్త బతికున్నన్నాళ్ళూ 'దెబ్బ' అనేది. నేను దానికి ఏ పేరూ పెట్టలేదు. అన్నం తినేటప్పుడు ఆయనకు కుడిపక్కన కూర్చునేదాన్ని. ఫొటో దిగేటప్పుడు ఎడమపక్కకు వచ్చి నా చీర కొంగు అడ్డం ఉండేట్టు నిలబడేదాన్ని. ఆయన కూడా ఎప్పుడూ ఆ చేతి మీద తువ్వాలు వేసుకునే తిరిగేవాడు. ఇద్దరం కలిసి ఆ చెయ్యిని దాచిపెట్టి కాపురం చేశాం. ఇంతకంటే మర్యాదగా ఏ భార్య ఉంటుంది అని నాకు లోలోపల గర్వంగా కూడా ఉండేది.

ఒక తుపాను రోజు మనుబోలు పక్కకు పోయే బస్సు రాలేదు. సారు బస్టాండులో తడుస్తుంటే నేనే ఇంటికి పిలుచుకొచ్చాను. ఆ రాత్రి మా ఇంట్లో కానాగంత చేపల పులుసు తిన్నాడు. మా ఆయనతో క్రికెట్టు గురించి, వలల ధరల గురించి మాట్లాడాడు. తెల్లారి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత బడి వదలగానే బస్సు వచ్చేదాకా మా కొట్లో మేత బస్తా మీద కూర్చోవడం అలవాటు చేసుకున్నాడు. నెల తిరిగేసరికి ఈయన ఆయన్ని 'అన్నా' అంటున్నాడు, ఆయన ఈయన్ని 'అబ్బయా' అంటున్నాడు. ఇద్దరూ ఉప్పుటేరు గట్టు మీద నడకకు పోయేవాళ్ళు.

మొదట సంతోషపడ్డాను. మా ఆయనకు స్నేహితులు తక్కువ. తర్వాత తర్వాత ఆ నవ్వులు వినపడుతుంటే వంటింట్లో నా చేతిలో గరిటె ఆగిపోయేది. నా దగ్గర అంత గట్టిగా ఆయన ఎప్పుడు నవ్వాడా అని గుర్తు చేసుకునేదాన్ని.

ఒక సాయంత్రం మేత లారీ వచ్చిందని మా ఆయన్ని పిలవడానికి గట్టు మీదికి వెళ్ళాను. తిరగేసిన పడవ పక్కన ఇద్దరూ కూర్చుని ఉన్నారు, వీపులు నావైపు. తువ్వాలు ఇసకలో పడి ఉంది. మా ఆయన రెండు చేతులూ పైకెత్తి ఏదో చూపిస్తున్నాడు. రెండు చేతులూ. ఎడమచెయ్యి అంత ఎత్తుకు లేవడం నేనెప్పుడూ చూడలేదు. సారు తల తిప్పుకోకుండా ఆ చేతికేసే చూస్తున్నాడు. తూర్పుగాలికి మాటలు నాదాకా రాలేదు.

పిలవకుండా వెనక్కి తిరిగాను. లారీవాణ్ణే బస్తాలు దించుకోమన్నాను.

మా ఆయన్ని ఇంకో ఆడదాని పక్కన చూసి ఉంటే ఏం చెయ్యాలో నాకు తెలిసేది. వీధంతా వినేట్టు అరిచేదాన్ని, పుట్టింటికి పోయేదాన్ని. దీనికి ఏమని అరవాలి? 'నీ చెయ్యి నాకు చూపించకుండా ఆయనకు చూపిస్తావా' అనా?

మరునాడు స్టాఫ్‌రూములో ఎవరూ లేనప్పుడు సార్ని పట్టుకున్నాను.

"నిన్న మా ఆయన్ని ఏం అడిగినారు సార్?"

ఆయన దాచలేదు. "నీ ఎడమచెయ్యి సంగతి వినాలని ఉండాది అబ్బయా, చెప్పబుద్ధి గాకపోతే కొట్టుకి పోదాం పద అన్నా."

"అంతేనా?"

"అంతే."

"ఏం చెప్పినాడు?"

"అది నాది గాదు టీచరమ్మా, నీకు చెప్పడానికి. ఆయన్నే అడుగు."

నాకు చెవుల్లోంచి ఆవిర్లు వచ్చాయి. "నా మొగుడి సంగతి మీకు తెలవచ్చు, నాకు తెలవకూడదా?"

"తెలవాల. అందుకే అడగమంటుండా." మాటల్ని ఏరుకుంటున్నట్టు మెల్లగా అన్నాడు. "నువ్వు ఇన్నేళ్ళూ ఒక్క మాట గూడా అడగలేదంట. నీకు ఆ చెయ్యి చూస్తే అసయ్యమని అనుకుంటుండాడు ఆయన."

నేను మర్యాద అనుకున్నది ఆ మనిషికి అసహ్యంలా కనపడింది. ఆ మాట నాకు నా మొగుడి నోటి నుంచి కాక, మెళ్ళో విజిలేసుకున్న మనిషి నోటి నుంచి వినాల్సి వచ్చింది.

"మీ పని మీరు చూసుకోండి సార్," అని బయటికి వచ్చేశాను.

ఆ రోజే ఇంటికి వెళ్ళి అడిగి ఉండాల్సింది. అడగలేదు. సారు చెబితే నా మొగుణ్ణి నేను అడగాలా? ఆయన అప్పిచ్చిన మాటలతోనా? అడిగితే మా ఆయనకు తెలిసిపోతుంది, సారు చెప్పి పంపించాడని. అప్పుడు ఆ చెప్పేది కూడా నాకు చెప్పినట్టు కాదు, సారు మాట తీసెయ్యలేక చెప్పినట్టు. అట్లా నాకొద్దు. ఆ రాత్రి అన్నం దగ్గర ఎడమపక్కన కూర్చుని, ఏమీ మాట్లాడకుండా ఆ చెయ్యి పట్టుకున్నాను. ఆయన ఉలిక్కిపడి చూసి, ఫోను తీసుకునే వంకతో మెల్లగా లాక్కున్నాడు.

సారుకు పులుసు పంపడం మానేశాను. కొన్నాళ్ళు చూసి, ఒకరోజు అందరి ముందూ అన్నాడు. "కానాగంతలకి నా మీద కోపమొచ్చినట్టుండాది." అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. అడుగు అని రెండోసారి చెప్పలేదు. చెప్పాల్సింది ఒక్కసారే చెప్పి ఊరుకునేవాడు. ఆ ఊరుకోవడం కూడా నాకు నచ్చేది కాదు.

ఆయన రిటైరయి మనుబోలులోనే ఉండిపోయాడు. ప్రతి ఆదివారం ఫోను. మా ఆయన ఫోను చెవికి పెట్టుకుని పెరట్లో వేపచెట్టు కింద తిరుగుతూ మాట్లాడేవాడు. నేను ఇంట్లోంచి వినేదాన్ని. చేపల మాటలు, బీపీ మాత్రల మాటలు, మనవరాలి మాటలు. రహస్యమేమీ ఉండేది కాదు. అయినా వినేదాన్ని.

సోమవారం పొద్దున్నే స్కూటరు మీద మనుబోలు వెళ్ళాం. ఇంటి ముందు షామియానా, నీలం కుర్చీలు. నేను ఊహించిన దానికంటే జనం చాలామంది ఉన్నారు. అప్పటి ఎనిమిదో తరగతి పిల్ల వచ్చింది, ఇప్పుడు నెల్లూరులో డిగ్రీ చదువుతోందట. పెదాల చుట్టూ మచ్చలు పెద్దవయ్యాయి, పొట్టి చేతుల జాకెట్టు తొడుక్కుంది. నా దగ్గరికి వచ్చి దండం పెట్టి, "సారు గుర్తొస్తే ఏడుపొస్తది టీచర్" అని నా భుజం మీద తల పెట్టింది. నేను ఆమె వీపు నిమురుతూ ఉన్నాను. నా పక్క కుర్చీలో కూర్చున్న ఒకామె, ఆమెకు ఒక కాలు పొట్టి, ఎవరితోనో చెబుతోంది. "ఎంత ఎత్తు చెప్పు కుట్టించుకుంటావమ్మా అని అడిగిన మనిషి ఆయనొక్కడే. అందరూ ఎట్టా అయింది అనే అడగతారు."

అందరికీ ఆయన అడిగిన ఒక మాట ఉంది. నేను మనసులో వెతుక్కున్నాను. నన్ను ఆయన ఎప్పుడైనా ఏమైనా అడిగాడా? రిజిస్టరు రాసిపెట్టమని తప్ప. నా ఒంట్లో అడగడానికేమీ లేదు. కాళ్ళూ చేతులూ కళ్ళూ అన్నీ సరిగ్గా ఉన్నందుకు జీవితంలో మొదటిసారి చిన్నబోయాను.

పాడె ఎత్తేటప్పుడు మనుషులు కావాలన్నారు. మా ఆయన తువ్వాలు తీసి నా చేతికిచ్చి వెళ్ళాడు. ఎడమపక్క కొయ్య కింద భుజం పెట్టి, ఆ చెయ్యిని పైకెత్తి కొయ్యను పట్టుకున్నాడు. జనమంతా చూశారు. ఆయన ఎవర్నీ చూడలేదు. పాడె వీధి చివర మలుపు తిరిగిందాకా నేను తువ్వాలు పట్టుకుని నిలబడ్డాను.

తిరిగొచ్చేటప్పుడు హైవే పక్కన టీ కొట్టు దగ్గర ఆగాం. మిట్టమధ్యాహ్నం. లారీలు పోతుంటే బెంచీ వణుకుతోంది. మనుబోలు నుంచి అక్కడిదాకా స్కూటరు వెనక కూర్చుని మాటలు కూర్చుకున్నాను. 'నీ ఎడమచెయ్యి సంగతి వినాలని ఉంది, వద్దంటే టీ తాగి పోదాం.' అది సారు మాటే, ఒప్పుకున్నాను. ఇక ఆయన లేడు కదా, వాడుకుంటే తప్పేముంది అనుకున్నాను. టీ గ్లాసు చేతికి రాగానే నా నోట్లోంచి వచ్చింది వేరు.

"ఏమైంది నీ చెయ్యికి?"

చిన్నపిల్లలు వీధిలో అడిగినట్టు అడిగాను. అడిగి నాలుక కరుచుకున్నాను. ఆయన నావైపు తిరిగి కాసేపు చూశాడు. కోపం లేదు.

"ఇన్నేళ్ళు పట్టిందే నీకు," అన్నాడు.

"చెప్పవా?"

"ఇంజనూ గాదు, బెల్టూ గాదు. అది మాయమ్మ కట్టిన మాట." టీ ఒక గుక్క తాగాడు. "అప్పట్లో దొంగతనంగా ఏట్లో చేపలకి మందు తోటాలేసేవాళ్ళు. అది పేలితే చేపలు చచ్చి తేలతాయి. నాయన ఊరి పెద్ద గదా, పంచాయితీలో కూర్చోని తోటాలెయ్యొద్దని చెప్పేది ఆయనే. ఏసేదీ ఆయనే. ఒకరోజు నన్ను పడవలో తీసకపోయినాడు. చిన్నపిలకాయని. వొత్తి ముట్టించి నా చేతికిచ్చి, 'నేను ఎయ్యమన్నప్పుడే ఎయ్యి, ముందే ఎయ్యబాక, చేప చెదిరిపోద్ది' అన్నాడు. ఆయన నీళ్ళల్లోకి చూస్తుండాడు, గుంపు యాడుండాదా అని. నేను ఆయన నోటికేసి చూస్తుండా."

"మరి?"

"మరిచిపోయినాడు. చేపల మీద పడి, నా చేతిలో ఉండాదనే మరిచిపోయినాడు."

"నువ్వే ఇసిరెయ్యకూడదా?"

"నాయన చెప్పలా."

లారీ ఒకటి హారను కొట్టుకుంటూ పోయింది. ఆయన అది పోయిందాకా ఆగాడు.

"ఊరి పెద్ద పరువు పోద్దని మాయమ్మ ఆస్పత్రిలో ఇంజను బెల్టని చెప్పింది. నాతో గూడా అదే చెప్పించింది. ఆ తరవాత నాయన నా మొహం చూసి మాట్లాడలా, పోయిందాకా. గోడకో, దూలానికో చెప్పేవాడు."

మా ముందుగదిలో ఆ మామ పటం ఉంది. ఆయన పోయినప్పటి నుంచి పండగ పండక్కీ దానికి దండ మారుస్తున్నది నేనే. ఆ బెంచీ మీద, అందరూ చూస్తుండగా, ఆయన ఎడమచెయ్యి తీసుకుని నా ఒళ్ళో పెట్టుకున్నాను. ఈసారి లాక్కోలేదు. వేళ్ళ మొదళ్ళ దగ్గర చర్మం పట్టులా నున్నగా ఉంది. నాకు అంతకుముందు తెలియదు.

"నాకు అసయ్యం లేదు," అన్నాను.

"తెలుసులే."

"ఎప్పుడు తెలుసు?"

"ఇప్పుడు."

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఎవరైనా ఆగేవాళ్ళు. నేను ఆగలేకపోయాను.

"సారుకి చెప్పినప్పుడు గూడా ఇట్టానే చెప్పినావా?"

ఆయన రోడ్డుకేసి చూస్తూ ఆలోచించాడు. అబద్ధమాడటం ఆయనకు రాదు.

"లేదు. అప్పుడు మాట రాలా. పడవ దాకా చెప్పి ఆగిపోయినా. ఏడ్చినా. శానాసేపు ఏడ్చినా. అన్న ఏమీ అనలా. నేను ఆపిందాకా అట్నే కూర్చోనుండాడు."

టీ డబ్బులిచ్చి స్కూటరు తీశాడు. వెనక కూర్చున్నాను. నాకు చెప్పేటప్పుడు ఆయన గొంతు ఒక్కచోట కూడా తడబడలేదు. కళ్ళు పొడిగా ఉన్నాయి. దారంతా ఆయన వీపుకేసి చూస్తూ, ఆ మనిషి ఏడిస్తే ఎట్లా ఉంటాడో, భుజాలు కదులుతాయో లేదో, శబ్దం వస్తుందో రాదో ఊహించుకోవాలని చూశాను. చేతకాలేదు. ఇన్నేళ్ళ కాపురంలో నా మొగుడు ఏడవగా నేను చూడలేదు. చూసిన మనిషిని ఆ పొద్దున్నే కాటికి సాగనంపి వచ్చాం.